హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి: కత్తి పడవలసిన చోటు

ఖరగ్‌పూర్‌లో రైలు దిగి గోల్‌బజారు వైపు నడిస్తే చాలు, మీ చెవిన తెలుగు పడుతుంది. పంతొమ్మిదో శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ జంక్షను, ఆ వెంటనే పెద్ద వర్క్‌షాపు నెలకొల్పింది. అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూలికీ కొలువుకీ వచ్చినవారి మనుమలు, మునిమనుమలు నింపురాలోనూ, మథురాకాటిలోనూ, రైల్వే క్వార్టర్లలోనూ ఈనాటికీ ఉన్నారు. ఇంట్లో శ్రీకాకుళం యాస, బజారులో బెంగాలీ, పనిలో హిందీ.

మన పాఠం రైల్వే గురించి కాదు. పిల్లలకు పుట్టుకతోనే వచ్చే ఒక ప్రేగు జబ్బు గురించి, దానికి గత డెబ్బై ఎనభై ఏళ్ళలో వైద్యులు కనిపెట్టిన ఆపరేషన్ల గురించి. అయినా ఈ ఊరి నుంచే మొదలుపెట్టడానికి ఒక కారణం ఉంది. సిగ్నల్ చెడిపోతే ఏమవుతుందో ఖరగ్‌పూర్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. చెడిన సిగ్నల్ ఎరుపు మీదే నిలిచిపోతుంది. భద్రత కోసం దాన్ని అలాగే తయారుచేస్తారు. ముందున్న లైను ఖాళీగా, శుభ్రంగా కనిపిస్తుంది. వెనుక మాత్రం బండి మీద బండి చేరి యార్డు కిక్కిరిసిపోతుంది. చూడవచ్చినవాడికి కంటబడేది నిండిన యార్డే. దోషం మాత్రం ఖాళీగా ఉన్న ఆ చిన్న ముక్కలో ఉంది. ఈ ఒక్క సంగతి గ్రహించడానికి శస్త్రవైద్యులకు అరవై ఏళ్ళు పట్టింది. అంతవరకు వారు యార్డునే కోస్తూ వచ్చారు.

ముందుగా జబ్బు స్వరూపం తెలుసుకుందాం. మన ప్రేగు గోడలో రెండు పొరల నాడీకణాల గుంపులు ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో వాటిని వర్ణించిన జర్మన్ శాస్త్రవేత్తల పేర్ల మీద ఒకదాన్ని మైస్నర్ వల అనీ, మరొకదాన్ని ఔయర్‌బాక్ వల అనీ అంటారు. ప్రేగు కండరం ఎప్పుడు బిగియాలో, ఎప్పుడు వదులు కావాలో చెప్పేవి ఇవే. గర్భస్థ శిశువులో ఈ కణాలు ప్రేగు పొడవునా పైనుంచి కిందికి ప్రయాణం చేస్తాయి; సుమారు అయిదో వారంలో బయలుదేరి పన్నెండో వారానికి మలద్వారం దాకా చేరాలి. కొందరు శిశువులలో ఆ ప్రయాణం మధ్యలోనే ఆగిపోతుంది. ఎక్కడ ఆగితే అక్కడి నుంచి కింది భాగమంతా నాడీకణాలు లేకుండా ఉండిపోతుంది. అక్కడి కండరం బిగుసుకునే ఉంటుంది, వదులు కాదు. నూటికి సుమారు ఎనభై మంది రోగులలో లోపం పెద్దప్రేగు చివరి భాగానికే పరిమితం. కొద్దిమందిలో మాత్రం పెద్దప్రేగు మొత్తానికీ ఉంటుంది. సుమారు 5,000 కాన్పులకు ఒక బిడ్డ ఈ లోపంతో పుడుతుంది. మగపిల్లలలో ఎక్కువ, ఆడపిల్లకు నలుగురు మగపిల్లల చొప్పున.

నింపురాలో ఒక ఇంట బిడ్డ పుట్టాడనుకోండి. నెలలు నిండిన బిడ్డ మొదటి రోజునే నల్లటి జిగట విరేచనం చేయాలి. ఎంత ఆలస్యమైనా 48 గంటలు దాటకూడదు. ఈ బిడ్డ చేయలేదు. పొట్ట ఉబ్బింది, పచ్చగా కక్కుతున్నాడు. ఇంట్లో అమ్మమ్మ తమలపాకు తొడిమను ఆముదంలో ముంచి మలద్వారంలో పెట్టింది. ఒక్కసారిగా గాలితోపాటు విరేచనం చిమ్మింది. పొట్ట తగ్గింది, బిడ్డ నిద్రపోయాడు. అమ్మమ్మను తప్పుపట్టకండి. అదే పని వైద్యుడు వేలితో పరీక్షించినప్పుడూ జరుగుతుంది, వేలు తీయగానే చిమ్ముతుంది. పుస్తకాలలో అది ఈ వ్యాధి లక్షణమనే రాశారు. చిక్కల్లా ఆ ఉపశమనంలోనే ఉంది. నాలుగు రోజులకొకసారి తొడిమ పెట్టుకుంటూ ఆరు నెలలో, రెండేళ్ళో గడిపేసిన కుటుంబాలు మన దేశంలో తక్కువ కాదు. ఈలోగా ప్రేగులో నిలిచిన మలం వల్ల వాపు పుట్టి, జ్వరం, పొట్ట ఉబ్బు, దుర్గంధంతో నీళ్ళ విరేచనాలు మొదలుకావచ్చు. దాన్ని మామూలు విరేచనాలని పొరపాటుపడితే ఒకటి రెండు రోజులలోనే ప్రాణం మీదికి వస్తుంది. ఈ వ్యాధిలో పిల్లల ప్రాణాలు ఎక్కువగా తీసేది మలబద్ధకం కాదు, ఈ ప్రేగువాపే.

మన ప్రాచీన గ్రంథాలలో ఈ వ్యాధి ఉందా అని మీకు సందేహం రావచ్చు. సుశ్రుత సంహితలోని బద్ధగుదోదరం ఇదేనని కొందరు రాస్తుంటారు. నేను ఒప్పుకోను. అక్కడ చెప్పిన కారణం అన్నంతోపాటు కడుపులోకి పోయిన వెంట్రుకలు, రాళ్ళు వంటివి ప్రేగుకు అడ్డుపడటం. పొట్ట కోసి, అడ్డు తీసి, తిరిగి మూయమన్న ఆ వర్ణన గొప్పదే. కాని అది వేరే జబ్బు. లేని గొప్పను అంటగడితే ఉన్న గొప్ప చిన్నబోతుంది.

వ్యాధికి పేరు వచ్చింది డెన్మార్క్ వైద్యుడి వల్ల. కోపెన్‌హాగన్‌లోని పిల్లల ఆసుపత్రిలో పనిచేసిన హరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ 1886లో బెర్లిన్ సభలో ఇద్దరు పసివాళ్ళ కథ వినిపించాడు. ఒకడు 11 నెలలకు, మరొకడు 8 నెలలకు చనిపోయారు. శవపరీక్షలో పెద్దప్రేగు విపరీతంగా ఉబ్బి, గోడ దళసరెక్కి ఉంది. ఆ ఉబ్బే పుట్టుకతో వచ్చిన లోపమని ఆయన భావించాడు. కళ్ళెదుట అంత పెద్ద ప్రేగు కనబడుతుంటే ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ భావన నుంచే 'మెగాకోలన్' అనే మాట పుట్టి, పుస్తకాలలో స్థిరపడింది. ఒక్కోసారి పేరే దారి తప్పిస్తుంది.

1901లో టిట్టెల్ అనే వైద్యుడు సూక్ష్మదర్శినిలో చూసి నాడీకణాలు లోపించాయని రాశాడు. 1920లో ఇటలీలో డల్లా వల్లె అదే సంగతి ఇద్దరు అన్నదమ్ములలో గమనించాడు. 1938లో అమెరికాలో రాబర్ట్‌సన్, కెర్నోహాన్ మళ్ళీ చెప్పారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. లండన్‌లో ఫ్రెడరిక్ ట్రీవ్స్ 1898లోనే దోషం కింది ఇరుకు భాగంలో ఉండవచ్చని ఊహించాడు గాని, ఆ ఊహ సాగలేదు. అత్యధికులు ఉబ్బిన ప్రేగును కోసి తీసి, పై ప్రేగును కింది సన్నటి భాగానికి కుట్టేవారు. కొంతకాలానికి కుట్టిన ప్రేగు తిరిగి ఉబ్బేది. 1927లో ఆస్ట్రేలియాలో వేడ్, రాయల్ మరో దారి తీశారు: ప్రేగును ఆపుతున్న నాడులు బలంగా ఉన్నాయని తలచి, నడుము దగ్గరి సింపథెటిక్ నాడులను తెంచారు. కొన్నాళ్ళు మేలు కనిపించి మరుగున పడింది.

చిక్కుముడి విప్పింది బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో ఒక యువ శస్త్రవైద్యుడు. ఓర్వార్ స్వెన్సన్ 1909లో స్వీడన్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరినవాడు. ఆయన చేసిన పరిశీలన ఎంత సాదాగా ఉందో చూడండి. ప్రమాదస్థితిలో ఉన్న పిల్లలకు పెద్దప్రేగును పొట్ట మీద బయటికి తెరిచేవారు. దాన్నే కొలాస్టమీ అంటారు. అలా చేసిన పిల్లలు తేరుకుని, తిని, బరువు పెరిగేవారు. అంటే ఉబ్బిన ప్రేగు పని చేయగలదన్నమాట! బాగయ్యాడు కదా అని కొలాస్టమీ మూసివేస్తే జబ్బు తిరిగి వచ్చేది. మరి దోషం పైన ఉందా, కింద ఉందా? ప్రేగులోకి చిన్న బుడగలు పంపి ఒత్తిడి కొలిచారు. ఉబ్బిన భాగంలో అలలు వస్తున్నాయి, చివరి ఇరుకు భాగంలో రావడం లేదు. బేరియం ద్రవం ఎక్కించి ఎక్స్‌రే తీస్తే ఆ ఇరుకు స్పష్టంగా కనిపించింది. కుక్కల మీద సాధన చేసి, మలాన్ని అదుపు చేసే కండరాలు చెడకుండా పురీషనాళాన్ని తీయవచ్చని నిర్ధారించుకున్నాక, 1948లో స్వెన్సన్, బిల్ కలిసి తమ ఆపరేషన్‌ను ప్రకటించారు. అదే ఏడాది వేర్వేరు పరిశోధకులు నాడీకణాల లోపాన్ని గట్టిగా రుజువు చేశారు. టిట్టెల్ మాట 47 ఏళ్ళకు నెగ్గింది.

ఇక్కడి నుంచి అసలు పోలిక మొదలవుతుంది. నాడీకణాలు లేని ముక్కను తప్పించి, ఉన్న ప్రేగును కిందికి లాగి మలద్వారం దగ్గర కుట్టాలి. దీని మీద తరువాత వచ్చిన అందరికీ ఏకాభిప్రాయమే. తేడా అంతా ఆ చివరి నాలుగు వేళ్ళ దూరం ఎలా దాటాలన్న దాని మీద. పసిబిడ్డ కటి ఎముకల మధ్య చోటు చాలా ఇరుకు. ఆ ఇరుకులోనే మూత్రాశయానికి పోయే నాడులు ఉన్నాయి, మగపిల్లలకు పెద్దయ్యాక కావలసిన నాడులు ఉన్నాయి, మలాన్ని ఆపే కండరం ఉంది. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే బిడ్డ బతుకుతాడు గాని, బడిలో పక్కవాడి దగ్గర కూర్చోవడానికి సిగ్గుపడుతూ బతుకుతాడు.

స్వెన్సన్ పద్ధతిలో పురీషనాళాన్ని దాని గోడను అంటిపెట్టుకునే చుట్టూ విడదీస్తారు. తరువాత దాన్ని చొక్కా చేతిని తిరగేసినట్టు మలద్వారం గుండా బయటికి తిరగేసి, మంచి ప్రేగును దాని గుండా లాగి, ఒంటి బయటే కుట్టి లోపలికి నెడతారు. చెడు భాగం దాదాపు మొత్తం పోతుంది. అదే దీని బలం. చేయి గోడకు దూరంగా జరిగితే పక్క నాడులు దెబ్బతింటాయి. స్వెన్సన్ చేతిలో బాగా వచ్చిన ఆపరేషన్ ఇతరుల చేతిలో అంత బాగా రాలేదు. తనవల్ల కాని పనికి మరో దారి వెతకడం శస్త్రవైద్యులకు అలవాటు. మంచి అలవాటే.

ఫ్రాన్సులో బెర్నార్ డ్యూహామెల్ 1956లో ఆ దారి చూపాడు. పురీషనాళాన్ని ముందువైపు ముట్టుకోనే వద్దన్నాడు. నాడులన్నీ ముందూ పక్కలా ఉన్నాయి, వెనుక ఏమీ లేదు. కాబట్టి పాత నాళాన్ని అలాగే వదిలి, మంచి ప్రేగును దాని వెనుకగా దింపి, రెండింటి మధ్య గోడను పట్టకార్లతో నలిపి ఒకటిగా చేశాడు. ముందు సగం పాతది, వెనుక సగం కొత్తది. ఆ రోజుల్లో ఆ పట్టకార్లు కొన్ని రోజులపాటు బిడ్డ ఒంటికి వేలాడుతూ ఉండేవి. తరువాత స్టేప్లర్లు వచ్చాక ఆ బాధ తప్పింది. ఈ పద్ధతికి ఉన్న చిక్కు వేరు. మధ్య గోడ పైభాగం కొంచెం మిగిలిపోతే అక్కడ సంచిలాగా ఏర్పడి, మలం చేరి గట్టిపడుతుంది. పెద్దప్రేగు మొత్తం చెడిన పిల్లలకు మాత్రం డ్యూహామెల్ పద్ధతిని ఇష్టపడేవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు.

జర్మనీలో రేబైన్ 1950లలో చూపిన పద్ధతిలో చెడు భాగం కొంత మిగిలిపోతుంది; దాన్ని ఇక్కడ విస్తరించను. ఇటలీలోని జెనోవాలో ఫ్రాంకో సోవే ఆలోచన ఎక్కువ ఆసక్తికరం. పురీషనాళం బయటి గోడను ముట్టుకుంటేనే కదా నాడులకు ప్రమాదం? అయితే బయటి నుంచి కాక లోపలి నుంచి వెళదామన్నాడు. అరటిపండు తొక్క అలాగే ఉంచి లోపలి గుజ్జు మాత్రం తీసినట్టు, లోపలి శ్లేష్మపొరను ఒలిచి తీసి, కండరపు గొట్టాన్ని వదిలేసి, ఆ గొట్టంలోంచి మంచి ప్రేగును దింపాడు. మొదట్లో ప్రేగు చివరను కుట్టకుండా బయటికి వేలాడనిచ్చి, లోపల అతుక్కున్నాక మిగిలినది కోసేవాడు. అమెరికాలో స్కాట్ బోలీ 1964లో వెంటనే కుట్టివేసే మార్పు తెచ్చాడు. సోవే పద్ధతిలో నాడులు భద్రం. కాని మిగిల్చిన కండరపు గొట్టం కూడా నాడీకణాలు లేనిదే. అది బిగుసుకుంటే కొత్త ప్రేగును నొక్కుతుంది, మధ్యలో చీము పట్టవచ్చు. అందుకే ఈ రోజుల్లో ఆ గొట్టాన్ని బాగా కురచ చేసి, వెనుకవైపు చీల్చి వదులుతారు.

ఈ మూడూ పొట్ట కోసి చేసేవే. ముందు కొలాస్టమీ, తరువాత అసలు ఆపరేషన్, చివర కొలాస్టమీ మూయడం అని మూడు అంచెలు. తల్లి సంగతి ఆలోచించండి. నెలల తరబడి బిడ్డ పొట్ట మీది తెరుచుకున్న ప్రేగును ఆమె శుభ్రం చేయాలి. దానికి అమర్చే సంచులు ఖరీదు. కొనలేనివారు మెత్తటి పాతగుడ్డ మడిచి కట్టి సరిపెట్టుకుంటారు. చర్మం ఒరుస్తుంది. బంధువులు బిడ్డను ఎత్తుకోరు. 1980 నుంచి కొందరు వైద్యులు నవజాత శిశువులకే ఒకే అంచెలో ఆపరేషన్ చేయసాగారు. 1995లో అమెరికాలో జార్జిసన్ బృందం లాపరోస్కోపీతో చేసి చూపింది. 1998లో మెక్సికో నుంచి దె లా తోర్రె, ఒర్తెగా పొట్ట ఏమాత్రం కోయకుండా, మొత్తం పని మలద్వారం గుండానే ముగించిన పద్ధతిని ప్రకటించారు. మరుసటి ఏడాది లాంగర్ కూడా ఇదే మార్గం ప్రకటించాడు. కొద్ది ఏళ్ళలోనే అది ప్రపంచమంతా పాకింది. పొట్ట మీద మచ్చ ఉండదు, నొప్పి తక్కువ, త్వరగా పాలు పట్టవచ్చు.

మరి ఇదే అన్నిటికన్నా మెరుగైనదా? ఇక్కడ తొందరపడకూడదు. కింది నుంచి పని చేసేటప్పుడు మలద్వారాన్ని గంటల కొద్దీ సాగదీసి ఉంచితే ఆ కండరమే బలహీనపడవచ్చు. మరో ప్రమాదం ఉంది. మంచి ప్రేగు ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా కింది నుంచి లాగడం మొదలుపెట్టి, చెడు భాగం ఊహించినదానికన్నా పొడవని మధ్యలో తేలితే దారి మూసుకుపోతుంది. అందుకే చాలామంది ముందుగా బొడ్డు దగ్గర చిన్న రంధ్రం నుంచి ప్రేగు ముక్క తీసి పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా ఆగుతారు. ఆ ముక్కను గడ్డకట్టించి అప్పటికప్పుడు చదివి చెప్పగల పాథాలజిస్టు పక్క గదిలో ఉండాలి. మీరు ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు 'ఏ పద్ధతిలో చేస్తారు' అని అడగడం సరే. 'ఆపరేషన్ జరుగుతుండగా బయాప్సీ చదివేవారు ఉన్నారా' అన్నది అంతకన్నా పనికివచ్చే ప్రశ్న. వ్యాధి నిర్ధారణలో కూడా బయాప్సీదే చివరిమాట. 1969లో హెలెన్ నోబ్లెట్ మత్తు అవసరం లేకుండా చిన్న ముక్కను పీల్చి తీసే సాధనాన్ని ప్రవేశపెట్టాక పసిపిల్లలలో ఆ పరీక్ష తేలికైంది.

పద్ధతులను పోల్చిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. ఎక్కువ భాగం పాత రికార్డులు తిరగేసి రాసినవే. ఒక్కొక్క ఆసుపత్రి తనకు చేయి తిరిగిన పద్ధతినే మెచ్చుకుంటుంది. 1989లో అనేక దేశాల నుంచి 880 స్వెన్సన్ ఆపరేషన్ల ఫలితాలను నలభై ఏళ్ళ కాలానికి సమీక్షించారు. ఆ పద్ధతిని కొట్టిపారేసినవారికి అది జవాబు. ఇరవై ఒకటో శతాబ్దంలో కొందరు స్వెన్సన్ పద్ధతినే మలద్వారం నుంచి చేస్తూ, కండరపు గొట్టం మిగల్చకుండా తిరిగి ఆయన దారికే వచ్చారు. నిష్పాక్షికంగా చెప్పాలంటే మలబద్ధకం, బట్టల్లో మలం అంటుకోవడం, ప్రేగువాపు అనే మూడు బాధలూ ఏ ఆపరేషన్ తరువాతనైనా కొందరిలో మిగులుతున్నాయి. నాలుగేళ్ళ బిడ్డలో ఫలితం చూసి తీర్పు చెప్పలేం. మలం మీద అదుపు పదేళ్ళ దాకా, ఆపైన కూడా మెరుగుపడుతూ ఉంటుంది.

ఇలాంటి ఇంట్లో వినబడే మరో మాట ఉంది: 'ఎవరి పక్షం నుంచి వచ్చింది?' కోడలు గర్భంతో ఉండగా ఏదో తిన్నదనీ, గ్రహణం చూసిందనీ అంటారు. 1994లో ఈ వ్యాధితో సంబంధమున్న రెట్ అనే జన్యువులో మార్పులు కనుగొన్నారు. అన్ని కేసులకూ అదొక్కటే కారణం కాదు. అనేక జన్యువులు కలిసి పనిచేస్తాయి. తల్లి తిన్న తిండికీ దీనికీ ముడిపెట్టడానికి ఆధారం లేదు. అయితే తోడబుట్టిన బిడ్డకు వచ్చే అవకాశం మామూలు కన్నా ఎక్కువ కాబట్టి, తరువాతి కాన్పులో మొదటి రెండు రోజుల విరేచనాన్ని జాగ్రత్తగా గమనించాలి.

మళ్ళీ నింపురా ఇంటికి వద్దాం. ఆ బిడ్డకు రైల్వే ఆసుపత్రిలో అనుమానం వస్తే కలకత్తా 115 కిలోమీటర్లు. అత్తవారు, పుట్టింటివారు విశాఖ వైపు ఉంటే కోరమాండల్‌లోనో మెయిల్‌లోనో రాత్రంతా ప్రయాణం. ఎటు వెళ్ళినా ప్రయాణానికి ముందు పొట్ట ఖాళీ చేయించాలి: మెత్తటి గొట్టంతో సెలైన్ ఎక్కించి కడగాలి. మామూలు నీళ్ళు వాడకూడదు, ఉబ్బిన ప్రేగు వాటిని పీల్చుకుంటే రక్తంలో ఉప్పు పడిపోతుంది. ఇది నర్సు నేర్పితే తల్లి కూడా చేయగలదు.

ఇంకొక పని ఉంది, చాలామంది మరిచిపోయేది. రైల్వే కుటుంబాలు బదిలీల మీద ఊళ్ళు మారతాయి. కలకత్తాలో ఆపరేషన్ అయిన పిల్లవాడు పదేళ్ళకు చక్రధర్‌పూర్‌లోనో విశాఖలోనో మలబద్ధకంతో డాక్టరు ముందు కూర్చుంటాడు. ఆ డాక్టరుకు మొదట కావలసింది అప్పుడు జరిగిన ఆపరేషన్ పేరు. డ్యూహామెల్ అయితే మధ్య గోడ మిగిలి సంచి ఏర్పడిందేమో చూస్తాడు. సోవే అయితే కండరపు గొట్టం బిగిసిందేమో చూస్తాడు. స్వెన్సన్ అయితే కుట్టు దగ్గర ఇరుకైందేమో చూస్తాడు. ఏదైనా సరే, తీసిన ముక్క పై అంచులో నాడీకణాలు ఉన్నాయా అన్న పాథాలజీ కాగితం అడుగుతాడు. అది దొరక్కపోతే బిడ్డకు మళ్ళీ బయాప్సీ తప్పదు. కాబట్టి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే రోజున ఆపరేషన్ నోటు, పాథాలజీ రిపోర్టు రెండూ అడిగి తీసుకుని, రేషను కార్డు, పుట్టిన తేదీ సర్టిఫికెట్టు ఉన్న పెట్టెలోనే పెట్టండి.